అనుమతి ఎవరి పేరున?

2025 సెప్టెంబరు 21, ఆదివారం, మహాలయ అమావాస్య. ఆ రోజున మా కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో తెల్లవారకమునుపే మెట్లు నిండిపోతాయి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి పితృతర్పణాలకు వచ్చినవాళ్ళు తడిపంచెలతో, నువ్వుల పొట్లాలతో బారులు తీరి కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దాయన మాత్రం గోత్రనామాలు చెప్పుకోవడం మధ్యలో ఆపి రెండుసార్లు ఫోను చూసుకున్నాడు. పురోహితుడు విసుక్కోలేదు సరికదా, "మన టైము తొమ్మిదిన్నరకేనటగా గడువు? అల్లుడుగారు దిగారా బాబుగారూ?" అని తానే అడిగాడు. దిగలేదట. విమానం ఇంకా గాలిలోనే ఉందట.

అమెరికా అధ్యక్షుడి ప్రకటనలో గడువు వాషింగ్టన్ కాలమానం ప్రకారం ఆదివారం అర్ధరాత్రి దాటి ఒక నిమిషం. మనకు ఉదయం తొమ్మిది గంటల ముప్ఫయ్యొక్క నిమిషం. కొవ్వూరు రేవులో తర్పణాలు విడిపించే బ్రాహ్మడికి అమెరికా వలసశాఖ గడువు నిమిషాలతో సహా తెలియవలసిన అవసరం ఏ కాలంలోనూ వస్తుందని నేననుకోలేదు.

జరిగినది మీకు తెలిసినదే. సెప్టెంబరు 19న ట్రంప్ సంతకం చేసిన ప్రకటన ప్రకారం కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలి. కట్టనిదే విదేశంలో ఉన్న ఉద్యోగికి దేశంలోకి ప్రవేశం లేదు. మన లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు. ఆ రుసుము ఏటా కట్టాలని వాణిజ్యమంత్రి చెప్పాడు. ఉన్నవాళ్ళకూ వర్తిస్తుందో లేదో ఎవరికీ అంతుబట్టలేదు. పెద్ద పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను గడువులోగా వెనక్కి వచ్చేయమని రాత్రికి రాత్రి ఉత్తరాలు పంపాయి. శనివారంనాడు తీరుబడిగా, "ఇది ఏటా కాదు, ఒక్కసారే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు వర్తించదు" అని వివరణ వచ్చింది. ఆపాటికి ఎంతమంది పెళ్ళిపందిళ్ళలోంచి విమానాశ్రయాలకు పరుగెత్తారో లెక్కలేదు.

తర్పణాలయ్యాక టీకొట్టు దగ్గర రెండు రకాల మాటలు విన్నాను. మొదటిది: "మంచిపనే జరిగింది, ఇకనైనా మన మేధస్సు మనకే మిగుల్తుంది." రెండవది: "మనవాళ్ళు లేకపోతే అమెరికా ఒక్కరోజు నడవదు, వాళ్ళే కాళ్ళబేరానికొస్తారు." ఆ తరవాతి వారాల్లో అంతర్జాలంలో చదివినవాటిలో నూటికి తొంభై ఈ రెంటికీ వ్యాఖ్యానాలే. రెండూ తప్పని నా అభిప్రాయం. రెండింటిలోనూ మనిషి లేడు. ఒకదానిలో "మేధస్సు" అనే సరుకుంది, ఇంకొకదానిలో అదే సరుక్కి గిరాకీ ఉంది. ఈ హెచ్-1బి అనే కాగితం మనిషిని సరుకుగా ఎలా మారుస్తుందో లోపలనుంచి చూసినవాణ్ణి కనుక ఈ టపా వ్రాస్తున్నాను. మీలో చాలామంది ఆ కాగితంమీదే వెళ్ళి అక్కడే స్థిరపడ్డవారు. మీకు కోపం రావచ్చు. వ్యాఖ్యలు తెరిచే ఉంచుతాను.

ముందు ఒక చిన్న సంగతి. మనం "నాకు హెచ్-1బి వచ్చింది" అంటాం. వ్యాకరణరీత్యా ఈ వాక్యం సరైనదే, వాస్తవంగా అబద్ధం. దరఖాస్తు పెట్టేది యజమాని. శ్రమశాఖకు హామీపత్రం ఇచ్చేది యజమాని. మంజూరు ఉత్తరం వచ్చేది యజమానికి. ఉపసంహరించుకోగలిగేది కూడా అతడే. మనం ఆ కాగితంలో లబ్ధిదారులం, అంతే. రేషన్ కార్డు మీద కూడా అదే మాట ఉంటుంది గాని, దాన్ని డీలరు రద్దు చేయలేడు.

1990 నాటి వలసచట్టం ఈ తరగతిని సృష్టించి ఏడాదికి 65,000 అని గీత గీసింది. ఆ గీత 1998 చట్టంతో 1,15,000కు, 2000 చట్టంతో 1,95,000కు పెరిగి, 2004 ఆర్థిక సంవత్సరానికి మళ్ళీ మొదటికొచ్చింది. అక్కడ పై చదువు చదివినవారికని 2004 డిసెంబరులో మరో 20,000 కలిపారు. ముప్ఫై అయిదేళ్ళుగా రెండు పార్టీలూ, పత్రికలూ, మనమూ పోట్లాడుకున్నది ఈ గుమ్మం వెడల్పు గురించే. తాళంచెవి ఎవరి మొలకి ఉందన్నది ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా దాకా వచ్చేవరకు.

నేను 2000 సంవత్సరంలో వెళ్ళాను. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గాని రాలేదు. మనవాళ్ళందరికీ మద్రాసే దిక్కు. రాజమండ్రిలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి, జెమినీ వంతెన పక్కన తెల్లవారుజామున వరుసలో నిలబడ్డాను. వరుసలో ముందువాడిది భీమవరం, వెనకవాడిది తణుకు. ముగ్గురి ఫైళ్ళలోనూ మూడు వేరువేరు కన్సల్టెన్సీల పేర్లు, ముగ్గురి జేబుల్లోనూ చిలుకూరు బాలాజీ కుంకుమ. (పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా వచ్చాక నూటెనిమిది. ఆ నూటెనిమిదీ చేశానని మనవి.)

2001లో డాట్‌కాం బుడగ పేలింది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక అపార్టుమెంటులో ఆరుగురం మిగిలాం. కన్సల్టెన్సీ యజమాని మన గోదావరిజిల్లా మనిషే. పేరు చెప్పను. మమ్మల్ని "తమ్ముడూ" అనేవాడు, ఆదివారాలు వాళ్ళింటికి పిలిచి గోంగూర పచ్చడితో అన్నం పెట్టేవాడు. "ప్రాజెక్టు వచ్చేదాకా జీతమడక్కండి తమ్ముడూ, నాకు మాత్రం ఎక్కణ్ణుంచొస్తుంది" అనేవాడు. పని లేదని జీతం ఎగ్గొట్టకూడదని 1998 చట్టంలో స్పష్టంగా వ్రాసి ఉంది. ఆ సంగతి మాలో ఒకడు వెతికి పట్టుకున్నాడు. ఫిర్యాదుపత్రం నింపాం కూడా. పంపలేదు. ఎందుకంటే ఫిర్యాదు చేసిన మర్నాడు అతడు మా దరఖాస్తులు ఉపసంహరించుకుంటే ఆ క్షణంనుంచీ మేము అక్రమంగా ఉన్నవాళ్ళమే. ఉద్యోగం పోయినవాడికి అరవై రోజుల వెసులుబాటునిచ్చే నిబంధన 2017 జనవరిలో వచ్చింది. మా రోజుల్లో అరవై గంటలు కూడా లేవు. చట్టం మా పక్షాన ఉంది. మా కాగితం అతని పక్షాన ఉంది. కాగితమే గెలిచింది. అయిదున్నర నెలలు జీతం లేకుండా ఉండి, 2002 సంక్రాంతికి ముందు ఇంటికొచ్చేశాను. ఇప్పుడిక్కడ ఇంజనీరింగు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను.

అతణ్ణి దుర్మార్గుడనుకున్నాను చాలాకాలం. అతడు దుర్మార్గుడైనా కాకపోయినా ఫలితం ఒకటేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిపినది మా తాతగారి తరం ముచ్చట్లు.

గోదావరి జిల్లాల ముసలివాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు. "రంగం పోయాడు" అంటే బాగుపడడానికి పోయాడని. కాకినాడనుంచి ఓడెక్కి బర్మా రేవుల్లో, వడ్లమిల్లుల్లో పనికి వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలనేవారు. కోరంగి రేవు పేరు అలా తిట్టుగా మిగిలిపోయింది. వాళ్ళను తీసుకెళ్ళేవాడు మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చేది మేస్త్రీ, ఓడ టిక్కెట్టు కొనేది మేస్త్రీ, అక్కడ పని చూపించేదీ, కూలి పుచ్చుకుని తన వంతు మినహాయించుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ మేస్త్రీ. బాకీ తీరేవరకు ఇంకొక మేస్త్రీ దగ్గరికి పోవడానికి లేదు. ఇప్పుడు మేస్త్రీ అన్నచోట కన్సల్టెన్సీ అని, వంతు అన్నచోట కమీషను శాతం అని పెట్టుకుని చదవండి. ఎడిసన్ అపార్టుమెంటుకీ రంగూన్ కూలీల బారకాసుకీ తేడా ఎయిర్‌కండిషనరొకటే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ కంట్రాక్టర్లు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మీయులను తరిమేసి మళ్ళీ తెలుగువాళ్ళను రమ్మన్నారు. ఆ పూట రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది; మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. చంపినవాడు బర్మా కూలీ, చచ్చినవాడు తెలుగు కూలీ. ఇద్దరినీ ఆ రేవులో ఎదురెదురుగా నిలబెట్టిన కంట్రాక్టరుకు గీత కూడా పడలేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థ సుమారు 250 మంది సాంకేతికోద్యోగులను తొలగించింది. వెళ్ళేముందు తమ స్థానంలోకి వస్తున్న మనవాళ్ళకు పని నేర్పి మరీ వెళ్ళవలసివచ్చిందని పత్రికలు వ్రాశాయి. ఆ ఉద్యోగుల కడుపుమంట అబద్ధమని నేననలేను. హెచ్-1బి గురించి మాట్లాడే తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఈ ఘట్టం రాగానే మాట మారుస్తారు, లేదా "జాత్యహంకారం" అని ఒక ముద్ర వేసి ముందుకెళ్తారు. మార్చనక్కర్లేదు. విదేశీ పనివాడు చవక కావడానికి అతడి చర్మం కారణం కాదు, చదువు కారణం కాదు. ఎక్కువిచ్చేవాడి దగ్గరికి స్వేచ్ఛగా నడిచిపోలేకపోవడం కారణం. 2000 నాటి చట్టం కొత్త యజమాని దరఖాస్తు పెట్టిన వెంటనే అక్కడ చేరవచ్చునని కొంత వెసులుబాటు ఇచ్చినమాట నిజమే. కాని మళ్ళీ ఇంకొక యజమానే దరఖాస్తు పెట్టాలి. మేస్త్రీని మార్చుకోవచ్చు, మేస్త్రీ లేకుండా ఉండకూడదు.

ఇప్పుడు ఇటీవలి మార్పుల దగ్గరకొద్దాం. వాటిలో ఒకదాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. దాని గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడలేదు కనుక కాస్త వివరంగా చెబుతాను.

2020 మార్చినుంచి లాటరీకి ముందస్తు నమోదు పద్ధతి వచ్చింది. రుసుము పది డాలర్లు. (2025లో అది 215 అయింది.) మన కన్సల్టెన్సీలకు ఇంతకన్నా ఏం కావాలి? ఒకే కుర్రవాడి పేరు నాలుగైదు కంపెనీలనుంచి నమోదు చేయడం మొదలైంది. ఆ నాలుగైదు కంపెనీలూ బావమరుదులవీ తోడల్లుళ్ళవీ కావడం కొత్త సంగతి కాదు. 2023 వసంతంలో జరిగిన నమోదులో మొత్తం 7,80,884 దరఖాస్తులొచ్చాయి. అందులో 4,08,891 ఒకే మనిషికి ఒకటికంటే ఎక్కువగా పెట్టినవి. అంటే సగానికి పైన. నిజాయితీగా ఒక్క కంపెనీనుంచి నమోదైన పిల్లవాడి చీటీ ఆ గుట్టలో అడుగునపడింది. ఇందులో మన తెలుగువారి పాలు ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అమీర్‌పేటలో ఒక సాయంకాలం తిరిగినవారికెవరికైనా తెలుసు.

2024లో నిబంధన మార్చారు. ఇకమీదట చీటీ కంపెనీ లెక్కన కాదు, మనిషి లెక్కన; పాస్‌పోర్టు నంబరు ఆధారంగా ఎన్ని కంపెనీలు పెట్టినా ఒక్కటే చీటీ. పైగా ఒకరికంటే ఎక్కువమంది యజమానులు పెట్టిన పక్షంలో ఎవరి దగ్గర చేరాలో ఎంచుకునేది ఆ మనిషే. ఆ ఏడు దరఖాస్తులు 4,79,953కి పడిపోయాయి. ఒకటికి మించి నమోదైనవి 47,314కి దిగాయి. కాని అసలు మనుషుల సంఖ్య ఎంతనుకున్నారు? ముందుయేడు సుమారు 4,46,000, ఆ యేడు సుమారు 4,42,000. మనుషులు తగ్గలేదు, కాగితాలు తగ్గాయి. ఎవరినీ విమానంలోంచి దింపలేదు, ఎవరి పెళ్ళీ ఆగలేదు, లక్ష డాలర్లు ఎవరూ కట్టలేదు. చీటీమీద యజమానిని చెరిపి మనిషిని వ్రాయగానే మోసంలో పెద్దపాలు కొట్టుకుపోయింది. ముప్ఫై అయిదేళ్ళ హెచ్-1బి చరిత్రలో లబ్ధిదారును మనిషిగా లెక్కించినది నాకు తెలిసి ఇదొక్కసారే. ఆ దారిలో రెండో అడుగు వేస్తారని ఆశపడ్డాను.

వేసినది లక్ష డాలర్ల అడుగు. చవక కూలీల వరదను ఆపడానికని ప్రకటనలో వ్రాసుకున్నారు. ఎవరిని ఆపిందో చూడండి. 2025 అక్టోబరు 20న వచ్చిన వివరణ ప్రకారం, అప్పటికే అమెరికాలో విద్యార్థిగా ఉండి హెచ్-1బికి మారేవారికి ఈ రుసుము లేదు. విదేశంనుంచి నేరుగా వచ్చేవాడికే ఉంది. అంటే నేను వెళ్ళినట్టు, ఇక్కడ చదువుకుని, ఇక్కడ నాలుగేళ్ళు పనిచేసి, పైసా అప్పు లేకుండా వెళ్ళే దారి మూసుకుంది. నలభై లక్షలు అప్పుచేసి ఎం.ఎస్.కు వెళ్ళే దారి తెరిచే ఉంది. మా కళాశాలలో ఆఖరి సంవత్సరం పిల్లల తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్న ఆ నెలనుంచి మారింది. ఇదివరకు "ఏ కంపెనీ అయితే పంపిస్తుంది మాస్టారూ?" అని అడిగేవారు. ఇప్పుడు "ఏ యూనివర్సిటీ అయితే తొందరగా సీటిస్తుంది?" అని అడుగుతున్నారు. నిడదవోలు కాలవకింద ఎకరం ఉన్నవాడు ఎకరం, ఇల్లున్నవాడు ఇల్లు తాకట్టు పెడుతున్నాడు. లక్ష డాలర్లు అమెరికా ఖజానాకు ఎన్ని చేరతాయో గాని, ఆ మేరకు అప్పు ఇక్కడ పుడుతోంది.

అంత అప్పూ చేసి, చదివి, లాటరీకి నిలబడ్డవాడికి ఇంకొక మార్పు ఎదురొస్తుంది. 2025 డిసెంబరు 29న ప్రచురించి, 2026 ఫిబ్రవరి 27నుంచి అమలులోకి తెచ్చిన నిబంధన అది. ఉద్యోగాలను జీతాన్నిబట్టి నాలుగు మెట్లు చేశారు. నాలుగో మెట్టువాడికి నాలుగు చీటీలు, మూడుకి మూడు, రెండుకి రెండు, ఒకటికి ఒకటి. వినడానికి న్యాయంగానే ఉంది: ప్రతిభ ఉన్నవాడికి ఎక్కువ అవకాశం. అయితే ఆ మెట్లు ప్రతిభవి కావు, అనుభవానివి. చదువు ముగించి నిన్న చేరినవాడు ఎంత తెలివైనవాడైనా ఎక్కువసార్లు ఒకటో మెట్టుమీదనే ఉంటాడు. ఇటుపక్క రుసుము "చదువుకోవడానికి వచ్చి ఇక్కడినుంచే చేరు" అంటుంది. అటుపక్క లాటరీ "కొత్తగా చదివినవాడివి, వెనక్కి నిలబడు" అంటుంది. ఈ రెండు తలుపుల మధ్య నిలబడే కుర్రవాడి వయసు ఇరవైనాలుగు, అప్పు నలభై లక్షలు. అతడి యజమాని దగ్గర అతడి బేరమాడే శక్తి ఎంతుంటుందో మీరే ఆలోచించండి. చవక కూలీని ఆపడానికి చేసిన రెండు మార్పులూ కలిసి, మునుపటికంటే చవకైన, మునుపటికంటే భయపడే కూలీని తయారుచేస్తున్నాయి.

ఇక మూడవది. దీని గురించి నెమ్మదిగా వ్రాయడం నాకు చేతకావడం లేదు.

2025 డిసెంబరులో మా అన్నయ్య పోయాడు. పెదనాన్నగారి అబ్బాయి. ఒక్కడే కొడుకు, టెక్సాసులో ఉంటాడు. 2010లో చదువుకి వెళ్ళాడు, 2012లో హెచ్-1బి, 2015లో గ్రీన్‌కార్డు వరుసలో చేరాడు. ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న లెక్క పుణ్యమా అని, భారతీయులకు వాడి తరగతిలో 2025 చివరికి 2013 నాటి దరఖాస్తుల దగ్గరే నడుస్తోంది. కనుక వాడింకా హెచ్-1బి మీదే ఉన్నాడు. అనుమతి పొడిగింపు కాగితాలు సక్రమంగా ఉన్నాయి. కాని పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. తెలియనివారికి చెబుతున్నాను, ఈ రెండూ వేరు. అనుమతి ఉంటే అక్కడ ఉండి పనిచేసుకోవచ్చు. దేశం దాటి బయటికొస్తే, తిరిగి లోపలికి వెళ్ళడానికి ముద్ర కావాలి. ముద్ర వేయించుకోవడం బయటే కుదురుతుంది. లోపల ఉండగానే వేసే పద్ధతి ఒకప్పుడుండేది, 2004లో ఆపేశారు. 2024లో ఇరవై వేల మందికి ప్రయోగాత్మకంగా మళ్ళీ చేసి చూసి వదిలేశారు. కాగితాలు పెట్టెలో వేసి ముఖాముఖి లేకుండా ముద్ర తెచ్చుకునే వెసులుబాటు 2025 సెప్టెంబరు 2తో దాదాపు అందరికీ పోయింది. స్వదేశంలోనో, నివాసమున్న దేశంలోనో తప్ప వేరేచోట ముఖాముఖికి వెళ్ళకూడదని అదే వారంలో చెప్పారు. డిసెంబరు 15నుంచి హెచ్-1బి వారి సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ పరిశీలిస్తామన్నారు. ఆ నెల రెండవ పక్షంలో భారతదేశంలో ఇచ్చిన తేదీలు కట్టకట్టి మార్చికీ ఆ తరవాతికీ జరిగిపోయాయి. సెలవుపెట్టి వచ్చినవాళ్ళు నెలలతరబడి ఇక్కడే చిక్కుకుపోయారు.

వాడు ఫోనులో అడిగాడు, "బాబాయ్, రానా?" అని. ఇంటి అప్పు ఉంది. రెండో తరగతి చదివే పిల్లవాడున్నాడు. భార్యకు పని అనుమతి వీడి హోదామీద ఆధారపడి వచ్చినదే. వచ్చి మూడునెలలు చిక్కుకుంటే ఉద్యోగం ఉంటుందని యజమాని హామీ ఇవ్వలేడు. ఉద్యోగం పోతే ముగ్గురి కాగితాలూ ఒకేసారి పోతాయి. నేను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. వాడే, "మీరు చేసేయండి బాబాయ్" అన్నాడు.

సగోత్రుణ్ణి, తమ్ముడి వరసవాణ్ణి కనుక నేనే కర్తనయ్యాను. పదోరోజున గోష్పాదరేవులో ఒక కుర్రవాడు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. మాకు ఉదయం ఎనిమిది గంటలు, అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. వాడు స్నానం చేసి, పంచె కట్టుకుని, వంటింట్లో నేలమీద పీట వేసుకుని కూర్చున్నాడు. ధర్మోదకాలు విడిచేటప్పుడు మన చేతిలో నీళ్ళు గోదాట్లో పడతాయి. వాడు స్టీలు పళ్ళెంలో విడిచాడు. మధ్యలో ఒకసారి సంకేతం అందక తెర ఆగిపోయింది. పురోహితుడు మంత్రం ఆపి ఎదురుచూశాడు.

ఈ మాటంటే, "మరి 1970ల్లో వెళ్ళినవాళ్ళు? టెలిగ్రాం అందేసరికే పదోరోజు దాటేది" అంటారు. నిజమే. అప్పుడు దూరం అడ్డొచ్చింది. ఇరవైరెండు గంటల్లో ఇంటికి రాగలిగినవాణ్ణి ఇప్పుడు అడ్డుకున్నది దూరం కాదు, డబ్బు కాదు. తన కాగితంమీద తనకు హక్కు లేకపోవడం.

మన కోనసీమనుంచి కువాయిటుకు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ గురించి మనందరం జాలిపడతాం. కఫీల్ పాస్‌పోర్టు లాక్కున్నాడట, ఇంటికి పంపడంలేదట, అని పత్రికలో చదివి అయ్యో అనుకుంటాం. ఆమె "నైపుణ్యం లేని" కార్మికురాలు, మనం "అత్యున్నత నైపుణ్యం" గలవాళ్ళం. మా అన్నయ్య కొడుకు పాస్‌పోర్టు వాడి బీరువాలోనే ఉంది. ఎవరూ లాక్కోలేదు. వాడూ ఇంటికి రాలేదు.

2007 జులై మీలో కొందరికైనా గుర్తుండాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తులన్నీ తీసుకుంటామని ప్రకటించి, జనం వైద్యపరీక్షలు చేయించుకుని, సెలవులు రద్దుచేసుకుని కాగితాలు పంపాక, జులై 2న "తీసుకోం" అన్నారు. అప్పుడు మనవాళ్ళు వలసశాఖ అధిపతికి పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి మళ్ళించాడు. జులై 17న శాఖ దిగొచ్చి ఆగస్టు 17 వరకూ దరఖాస్తులు పుచ్చుకుంది. ఆ నెల మన బ్లాగుల్లో ఎంత సందడి! యజమానులు కాదు, న్యాయవాదులు కాదు, లబ్ధిదారులు నోరు విప్పిన ఒకే ఒక సందర్భమది. ఇప్పుడు ఆ పూలు పంపినవారిలో చాలామందికి పౌరసత్వం వచ్చేసింది. ఓటుంది. 2025 సెప్టెంబరులో వారిలో కొందరు వ్రాసినవి చదివాను: "దొంగ అనుభవపత్రాలతో వచ్చినవాళ్ళవల్లే మనకీ గతి, ఏరివేయడం మంచిదే." అయ్యా, దొంగ అనుభవపత్రం వ్రాసిచ్చినవాడు ఎవరు? మీ ఊరి తెలుగు సంఘం వేదికమీద శాలువా కప్పించుకున్నవాడు కాడా? అతణ్ణి ఏరివేశారా? అతడికి పౌరసత్వం ఉంది కదా, అతడి జోలికి ఏ ప్రకటనా పోదు.

గుమ్మం ఎంత వెడల్పుండాలో నిర్ణయించుకునే హక్కు ఆ దేశానిది. 65,000 కాదు, 30,000 అననీ, నాకు అభ్యంతరం లేదు. రానిచ్చినవాడి అనుమతి వాడి పేరున ఇవ్వమంటున్నాను. మూడేళ్ళో ఆరేళ్ళో, ఆ గడువులో ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోనీ, నచ్చకపోతే మానుకోనీ, తండ్రి పోతే వెళ్ళి రానీ. రుసుము కావాలంటే వాడిదగ్గరే వసూలుచేయనీ. ఇది గాలిలో మేడ కాదు. 2023 జులై 16న కెనడా ప్రభుత్వం అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకోసం సరిగ్గా ఇలాంటి అనుమతి ప్రకటించింది: మూడేళ్ళవరకు, ఏ యజమాని దగ్గరైనా. పదివేల దరఖాస్తులు చాలనుకుంది. మర్నాటికల్లా నిండిపోయాయి. మంచి జీతాలొచ్చే ఉద్యోగాల్లో ఉన్న పదివేలమంది, అంతకంటే తక్కువ జీతాలిచ్చే, అంతకంటే చలివేసే దేశపు కాగితంకోసం ఒక్కరోజులో బారులు తీరారంటే, వాళ్ళు కోరుకుంటున్నది డాలరొక్కటే కాదని ఒప్పుకోవాలి.

"మేధస్సు మనకే మిగుల్తుంది" అన్న టీకొట్టు పెద్దమనిషికి ఒక సంగతి చెప్పాలి. 2002లో నేను మిగిలాను. అయిదున్నర నెలల బాకీతో, పెళ్ళిసంబంధం తప్పిపోయి, "తిరిగొచ్చేశాడట, ఏం చేశాడో" అనే గుసగుసల మధ్య మిగిలాను. మనిషి ఇష్టపడి తిరిగిరావడం వేరు, బయటికి నెట్టబడి వచ్చి పడడం వేరు. నెట్టబడినవాడిని చూసి మన ఊరు సంబరపడితే, హెచ్-1బి ఉందని కట్నం లెక్కకట్టిన ఊరే ఇది కూడా అని గుర్తొస్తుంది. (ఇప్పుడు మాది తూర్పుగోదావరి జిల్లా. 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ. ఊరు ఉన్నచోటే ఉంది, నది ఉన్నచోటే ఉంది, కాగితంలో మాత్రం గట్టు మారింది. మాకూ కాగితాల మహిమ కొద్దిగా తెలుసు.)

మొన్న మళ్ళీ ఫోను చేశాడు వాడు. 2027లో గోదావరి పుష్కరాలు కదా, అప్పుడైనా తన చేత్తో నాన్నకు పిండప్రదానం చేయాలని ఉందట. తేదీలు అడిగాడు, చెప్పాను. టిక్కెట్టు ఎప్పుడు కొంటావురా అని అడిగాను. యజమానిని అడిగి చెబుతానన్నాడు.